ఉక్కు కవచంలో చెయ్యి పైకి లేవట్లేదా? భుజం దగ్గర తోలు పట్టీలు సరిచేసుకునే పద్ధతి

కొత్తగా ప్లేట్ ఆర్మర్ కొన్నవాళ్లు నాతో అనే మొదటి మాట దాదాపు ఒకటే: "చెయ్యి భుజం దాటి పైకి పోవట్లేదు, సైజు తప్పు వచ్చిందేమో." సైజు తప్పయి ఉండొచ్చు, కాదనను. కానీ చాలాసార్లు తప్పు ఉక్కులో ఉండదు. ఆ ఉక్కుని మోస్తున్న తోలులోనో, తోలు కింద వేసుకున్న బట్టలోనో ఉంటుంది. రెండు శని, ఆదివారాలు కేటాయిస్తే ఇంట్లోనే, పెద్దగా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు.

నేను అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో కవచం తొడుక్కుని కత్తియుద్ధం ఆడే బాపతు. నా మొదటి సెట్ సెకండ్ హ్యాండ్‌ది, నాకంటే బాగా పొడుగున్న మనిషి కోసం చేయించింది. మర్నాడు ఈవెంట్ అనగా రాత్రి టెన్షన్‌లో కనబడిన ప్రతి పట్టీకీ దగ్గర దగ్గరగా బెజ్జాలు కొట్టి బిగించేశాను. పొద్దున్న ఇంకా ఎవడూ నన్ను కొట్టనే లేదు, హెల్మెట్ పెట్టుకుందామని రెండు చేతులూ ఎత్తాను, అంతే, ఎడమ పట్టీ ఒక బెజ్జం నుంచి పక్క బెజ్జానికి పర్రుమని చిరిగి భుజం కవచం మోచేతి దాకా జారిపోయింది. ఆ రోజంతా గట్టు మీద కూర్చుని మిగతావాళ్ల ఆట చూశాను. కింద రాసినదంతా ఆ తర్వాత తప్పులు చేసుకుంటూ నేర్చుకున్నది.

ముందు ఏ కవచం గురించో చెప్పాలి. 15వ శతాబ్దపు యూరప్ పద్ధతిలో చేసిన భుజం కవచాలు, అంటే స్పాల్డర్లు, ఇంకాస్త పెద్దవైన పాల్డ్రన్లు. భుజం మీద గిన్నె బోర్లించినట్టు ఒక పెద్ద రేకు, దాని కింద చేతి పొడుగునా నాలుగైదు సన్న రేకులు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. రొయ్య వీపు చూశారుగా, అదే ఏర్పాటు. ఆ రేకుల్ని లోపలి నుంచి రెండో మూడో తోలు పట్టీలు రివెట్లతో కలిపి పట్టుకుంటాయి. చివరి రేకుకి దండ చుట్టూ, అంటే మోచేతికి పైన చేతి చుట్టూ, తిరిగే బకిల్ పట్టీ ఒకటి ఉంటుంది. పై రేకుని మెడ దగ్గర తాడుతోనో పట్టీతోనో వేలాడదీస్తారు. ఇంతే సరంజామా.

కవచం వేసుకున్నవాడు కదల్లేడు, గుర్రం మీదికి క్రేన్‌తో ఎక్కించేవాళ్లు అన్న మాట ఉత్త కట్టుకథ. యుద్ధానికి వేసుకునే పూర్తి కవచం సుమారు 20 నుంచి 25 కిలోలు ఉండేది, ఆ బరువు ఒళ్లంతా సర్దుకుని ఉండేది, దాంతోనే పరిగెత్తేవాళ్లు, నిచ్చెనలు ఎక్కేవాళ్లు. కాబట్టి మీ చెయ్యి తల మీదికి పోకపోతే "కవచం అంటే అంతేలే" అని సర్దుకోకండి. మన దేశంలో ఈ తలనొప్పిని వేరే దారిలో తప్పించుకున్నారు. మొగలుల నాటి చార్ ఐనాలో ఛాతీకి, వీపుకి, రెండు పక్కలకి నాలుగు పలకలు పట్టీలతో కడతారు, భుజానికి మాత్రం కింద వేసుకున్న ఇనుప గొలుసుల చొక్కాయే దిక్కు. రేకు లేదు కాబట్టి ఇరుక్కునేదీ లేదు. యూరప్‌వాళ్లు భుజానికీ రేకు కావాలనుకున్నారు, అందుకే ఈ పట్టీల గొడవంతా.

ముందు పరీక్ష, తర్వాతే పంచ్

కవచం పూర్తిగా వేసుకోండి. ఛాతీ రేకు, వీపు రేకు, మెడ కవచం, అన్నీ. భుజం ముక్క ఒక్కటే తగిలించుకుని చూస్తే ఏమీ తెలియదు. ఇప్పుడు నాలుగు పనులు చేయండి: చెయ్యి పక్క నుంచి పైకెత్తి దండ చెవికి ఆనించడం, ఎదుటి భుజాన్ని అరచేత్తో పట్టుకోవడం, చెయ్యి వెనక్కి తిప్పి నడుం ముట్టుకోవడం, రెండు చేతులతో కర్ర పట్టుకుని ముందుకు చాచడం. ఎక్కడ ఆగిందో ఫోన్‌లో వీడియో తీయించండి. వేసుకున్నవాడికి "భుజం పట్టేసింది" అనే అనిపిస్తుంది, నిజంగా ఏది దేనికి తగులుతోందో బయటివాళ్లకే కనబడుతుంది.

నేను వాడే ఇంకో చిట్కా టైలర్ చాక్. రేకుల అంచులకి లోపలివైపు చాక్ దట్టంగా రుద్ది, ముదురు రంగు డబ్లెట్ (కవచం కింద వేసుకునే మందపాటి చొక్కా) మీద కవచం వేసుకుని, పది నిమిషాలు కర్ర తిప్పండి. విప్పాక చూస్తే బట్ట మీద తెల్ల గీతలు ఉంటాయి, ఏ అంచు ఎక్కడ గుచ్చుతోందో రాసిపెట్టినట్టు. మెడ పక్కన గీత పడితే వేలాడదీసిన చోటు తప్పు. చంక ముందు గీత పడితే అది ఛాతీ రేకు పని. దండ చుట్టూ ఉంగరంలా పడితే కింది పట్టీ బిగుతు. భుజం ఎముక చివర ఒక్క చుక్కలా పడితే బరువంతా అక్కడే మోస్తోందని అర్థం, సాయంత్రానికి ఆ చోటు కమిలిపోతుంది.

సరిచేసేటప్పుడు వరస ముఖ్యం. లోపలి నుంచి బయటికి రావాలి: బట్ట, ఛాతీ రేకు, వేలాడే చోటు, దండ పట్టీ, చివరగా లోపలి తోళ్లు. నేను మొదట్లో తలకిందులుగా మొదలెట్టి, రివెట్లన్నీ ఊడబీకి, మళ్లీ బిగించి, ఆఖరికి తప్పు డబ్లెట్‌లో ఉందని తెలుసుకున్నాను.

బట్ట

కవచం లేకుండా డబ్లెట్ ఒక్కటే వేసుకుని రెండు చేతులూ పైకెత్తండి. కింద అంచు బొడ్డు దగ్గరికి ఎక్కి వస్తోందా? అయితే ఇక కవచాన్ని ఎంత కెలికినా లాభం లేదు.

ఇది నాకు చెప్పింది మా ఆవిడ. నేను డబ్లెట్‌కి భుజాల దగ్గర వదులు కావాలని కుట్లు విప్పుతుంటే చూసి, "బ్లౌజు వేసుకుని చెయ్యెత్తితే పైకి పోతోందంటే టైలర్ భుజం ముట్టుకోడండీ, చంక కిందికి దిగిందని చూస్తాడు" అంది. అక్షరాలా నిజం. చంక రౌండ్ ఎంత కిందికి ఉంటే చెయ్యి ఎత్తినప్పుడు ఒంటి మీది బట్ట అంతగా లేస్తుంది. చంకకి ఆనుకుని పైకి ఉంటే చెయ్యి ఒక్కటే లేస్తుంది, బట్ట కదలదు. వదులుగా ఉంటే హాయిగా ఉంటుందనుకుంటాం, అసలు తిప్పలు అక్కడే. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో బట్టల మ్యూజియంలో చార్లెస్ డి బ్లూవా అనే 14వ శతాబ్దపు ప్రభువుది అని చెప్పే ఒక పూర్‌పాయింట్, అంటే డబ్లెట్ లాంటి మందపాటి చొక్కా, ఉంది. దాని చేతులు ఛాతీ మీదికి, వీపు మీదికి పెద్ద గుండ్రంగా చొచ్చుకొచ్చి, ముక్కలు ముక్కలుగా కలిపి కుట్టి ఉంటాయి. ఒళ్లు అతుక్కుని ఉంటుంది, చెయ్యి మాత్రం ఎటైనా తిరుగుతుంది. మీ డబ్లెట్‌కి అంత పని అక్కర్లేదు. కుర్తాకి చంక కింద పెట్టినట్టు పలకగా ఒక ముక్క వేయించండి, లేదా చంక కింద కుట్టు నాలుగు వేళ్ల మేర విప్పి అలా తెరిచే ఉంచండి. ఆ ఖాళీని ఇనుప గొలుసుల అల్లిక ముక్కతో కప్పుకుంటారు కాబట్టి చీలిక బయటికి కనబడదు, గాలి కూడా ఆడుతుంది.

ఛాతీ రేకు ఎక్కడ కూర్చుంది?

దీన్ని చాలామంది భుజం సమస్య కిందే లెక్క వేయరు. ఛాతీ రేకు బరువు నడుం మోయాలి, భుజాలు కాదు. నడుం పట్టీ వదులైతే మొత్తం బరువు భుజం పట్టీల మీదికి వచ్చి, ఆ పట్టీలు కండలోకి దిగి, చెయ్యి ఎత్తిన ప్రతిసారీ ఛాతీ రేకుని కూడా ఎత్తాల్సి వస్తుంది. ముందు నడుం పట్టీ గట్టిగా బిగించి, తర్వాత భుజం పట్టీలు ఒక్కో బెజ్జం వదులుతూ రండి. పట్టీ కింద వేలు సులువుగా దూరాలి. మరీ వదిలితే రేకు కిందికి జారి, చంక దగ్గరి అంచు దండకి తగలడం మొదలవుతుంది, అక్కడ ఆగి ఒక బెజ్జం వెనక్కి రండి. చేతులు ముందుకు చాచి కర్ర పట్టుకున్నప్పుడు ఛాతీ రేకు అంచులు రెండు దండల్నీ నొక్కుతుంటే, అది పట్టీలతో తీరేది కాదు. రేకే వెడల్పు ఎక్కువ, కోయించాలి. దానికి ఆర్మర్ చేసేవాడి దగ్గరికే వెళ్లండి, గ్రైండర్ పట్టుకుని మీరు మొదలెట్టకండి.

వేలాడే చోటు: సగం సమస్య ఇదే

చెయ్యి కిందినుంచి తల మీదికి పోయే సుమారు 180 డిగ్రీల్లో భుజం కీలు ఒక్కటే ఇచ్చేది 120 దాకా. మిగతా 60 వీపు మీది రెక్క ఎముక తిరగడం వల్ల వస్తుంది. అంటే చెయ్యెత్తితే భుజం చివర ఉన్న ఎముక కూడా పైకి లేచి మెడ వైపు వస్తుంది. అద్దం ముందు చొక్కా విప్పి చూసుకోండి, భుజం చెవి వైపు ఎలా నడుస్తుందో.

ఇప్పుడు భుజం కవచాన్ని సరిగ్గా ఆ ఎముక చివర వేలాడదీస్తే ఏమవుతుంది? చెయ్యి లేస్తే ఎముక రేకుని తోస్తుంది, రేకు పోయి హెల్మెట్‌కో మెడ కవచానికో కొట్టుకుంటుంది, ఇక ఆట బంద్. అదే మెడ మొదలుకి దగ్గరగా వేలాడదీస్తే అక్కడ కదలిక తక్కువ, రేకు తలుపు బందు మీద తిరిగినట్టు తిరుగుతుంది. నా కొలత ఇది: మెడ పక్కన నాలుగు వేళ్లు ఆనించి పెట్టండి, నాలుగో వేలు ఎక్కడ ఆగిందో అక్కడ భుజం పైకప్పు మీద, కాస్త ముందుకి, చాక్‌తో గుర్తు పెట్టండి. తాడు కట్టే బెజ్జాల జత డబ్లెట్‌కి అక్కడ రావాలి.

పై రేకుకి మెడ వైపు అంచున ఒక చిన్న తోలు నాలుక రివెట్ చేసి ఉంటుంది, దాని బెజ్జాల్లోంచే తాడు పోతుంది. ఆ నాలుక పొట్టిగా ఉంటే కొత్తది వేయండి. 6 సెం.మీ. పొడుగు, 3 వెడల్పు, 3 మి.మీ. పైచిలుకు మందం చాలు, బెజ్జాలు రెండు జతలు కొట్టుకోండి, ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా. ముడి మరీ బిగించకండి. నాలుకకీ డబ్లెట్‌కీ మధ్య వేలెడు ఆట ఉంటేనే రేకు తిరుగుతుంది.

తాడుకి షూలేసు వాడొద్దు, చెమటకి సాగి సాయంత్రానికి కవచం రెండు వేళ్లు దిగిపోతుంది. పోరాటానికి మనిషిని ఎలా సిద్ధం చేయాలో చెప్పే 15వ శతాబ్దపు ఇంగ్లీషు చేతిరాత ఒకటి ఉంది. అందులో ఈ తాళ్లని క్రాస్‌బో నారికి వాడే సన్న పురితో చేసి, చెప్పులు కుట్టేవాళ్లు వాడే మైనం పట్టించాలని, అప్పుడవి సాగవు, తెగవు అని స్పష్టంగా రాశారు. నేను నార దారాన్ని నాలుగు పేటలు పేని తేనెమైనం రుద్దుతాను, ఇప్పటిదాకా ఒక్కటీ తెగలేదు.

మీ కవచం డబ్లెట్‌కి కాకుండా మెడ కవచానికి బకిల్‌తో తగిలేదైతే సూత్రం అదే. పట్టీ ఒక బెజ్జం వదిలి మళ్లీ చెయ్యెత్తి చూడండి. మెడ కవచం ఆ బరువుకి పక్కకి వాలిపోతుంటే మాత్రం డబ్లెట్‌కి మార్చుకోవడమే మేలు.

దండ పట్టీ

చెయ్యి వేలాడేసి బకిల్ పెట్టుకుంటే ఎప్పుడూ బిగుతైపోతుంది. పిడికిలి బిగించి, మోచెయ్యి మడిచి, కండ పూర్తిగా ఉబ్బినప్పుడు పెట్టించుకోండి, అప్పుడు కూడా పట్టీ కింద ఒక వేలు పట్టాలి. మామూలుగా బెజ్జాల మధ్య రెండు, రెండున్నర సెం.మీ. దూరం ఉంటుంది. ఇక్కడ ఒక బెజ్జం బిగుతు, పక్క బెజ్జం వదులు అవుతుంది. మధ్యలో ఇంకోటి కొడదామనిపిస్తుంది, కొట్టకండి, నా పట్టీ చిరిగింది అలాగే. బెజ్జాల మధ్య కనీసం ఒకటిన్నర సెం.మీ. తోలు మిగలాలి. దానికంటే దగ్గర కావాలంటే కొత్త పట్టీ కోసి మొదటి నుంచి కొలుచుకోండి. బకిల్ దండకి వెనక, బయటివైపు రావాలి. లోపలివైపు వస్తే ఛాతీ రేకుకి రాసుకుని టకటకమంటుంది, చర్మం కూడా ఊడుతుంది.

పట్టీ మధ్యలో రెండంగుళాల వెడల్పాటి ఎలాస్టిక్ ముక్క కుట్టించుకునేవాళ్లు ఉన్నారు. చరిత్ర ప్రకారం తప్పే. కానీ లోపలివైపు ఎవరికీ కనబడదు, పని చేస్తుంది, నాకేం అభ్యంతరం లేదు.

లోపలి తోళ్లు: ఇక్కడ నిదానం

పైవన్నీ చేశాక మళ్లీ నాలుగు పరీక్షలూ చేయండి. సరిపోతే ఇక్కడితో ఆపేయండి, నిజంగా. సరిపోకపోతేనే రివెట్లు ఊడదీయాలి.

భుజం కవచాన్ని పై రేకు పట్టుకుని గాల్లో వేలాడదీయండి. రేకులు పూర్తిగా జారాక కూడా ఒకదాని మీద ఒకటి కనీసం ఒక సెంటీమీటరు ఎక్కి ఉండాలి. మధ్యలో సందు కనబడితే తోలు సాగిపోయింది, కత్తి మొన దూరుతుంది. ఇప్పుడు చివరి రేకు కింద చెయ్యి పెట్టి పైకి నొక్కండి. స్టీలు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి దిగినట్టు మొత్తం ముడుచుకోవాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే ఆ రేకు దగ్గర తోలు పొట్టిదైనా అయ్యుండాలి, రివెట్ మరీ బిగిసైనా ఉండాలి. వేలితో ఒక్కో రేకూ కదిపి చూస్తే తెలిసిపోతుంది.

ఎదుటి భుజం పట్టుకోవడం ఒక్కటే రావట్లేదంటే వెనక తోలు చూడండి. చెయ్యి ముందుకి పోతే ముందు రేకులు ముడుచుకుంటాయి, వెనకవి విచ్చుకోవాలి. మూడు తోళ్లూ ఒకే కొలతలో కోస్తే వెనకది విచ్చుకోనివ్వదు. కొన్ని పాత కవచాల్లో వెనక వైపు తోలే ఉండదు, పొడుగాటి బెజ్జంలో జారే రివెట్ ఉంటుంది, కారణం ఇదే. తోలుతోనే సరిపెట్టుకునేవాళ్లు వెనక తోలుని రేకు రేకుకీ మూడు నాలుగు మిల్లీమీటర్లు వదులుగా వేసుకోండి.

తోలు వెజిటబుల్ టాన్ అయి ఉండాలి, అంటే చెట్ల బెరడుతో పదును చేసింది, మన ఊళ్లలో ఒకప్పుడు తంగేడు చెక్కతో చేసేవాళ్లే, ఆ రకం. సోఫాలకి, హ్యాండ్‌బ్యాగులకి వాడే మెత్తటి క్రోమ్ తోలు సాగుతుంది. లోపలికి రెండున్నర నుంచి 3 మి.మీ., బయటి పట్టీలకి 3 నుంచి 4. చర్మంలో పొట్ట భాగం తీసుకోకండి, అది సాగినంతగా ఇంకేదీ సాగదు. వెన్ను వెంబడి, పొడుగునా కోసిన పట్టీ కావాలి. కొనే ముందు రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగండి, సన్నబడితే వద్దు.

పాత రివెట్‌ని లోపలివైపు నుంచి ఆకురాయితో అరగదీసి, పంచ్ పెట్టి సుత్తితో ఒక్కటివ్వండి, ఊడి వస్తుంది. కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకోండి, తెగిన రివెట్ తల ఎటు ఎగురుతుందో చెప్పలేం. కొత్త తోలుకి వెంటనే రివెట్ కొట్టేయకండి. బెజ్జానికి సరిపోయే చిన్న బోల్టులు, నట్లు తాత్కాలికంగా బిగించండి. బెజ్జాల గుర్తులు పెట్టేటప్పుడు కవచం మీ ఒంటి మీద ఉండాలి, చెయ్యి కత్తి పట్టుకుని నిలబడే భంగిమలో ఉండాలి, కిందికి వేలాడుతూ కాదు. మీరు రోజంతా ఉండేది ఆ భంగిమలోనే, పైకీ కిందికీ పోయే ఆట అక్కణ్ణుంచే సమానంగా దొరకాలి. గుర్తులు వేరేవాళ్లు పెట్టాలి. మా ఆవిడ మార్కర్ పట్టుకుని "కదలకండి, కదలకండి" అంటూ ఒక్కో భుజానికి ఇరవై నిమిషాలు తీసుకుంటుంది.

బోల్టుల మీదే ఒక పూట ప్రాక్టీస్ చేయండి. బాగుందనుకున్నాక రివెట్. తోలు వైపు వాషర్ తప్పకుండా వేయండి, లేకపోతే తల తోలులోంచి దూసుకొస్తుంది. 3 మి.మీ. రివెట్ అయితే వాషర్ పైన ఇంచుమించు అంతే పొడుగు మిగిల్చి కోసి, చుట్టూ చిన్న చిన్న దెబ్బలతో గుండ్రం చేయండి. జారే రివెట్లు ఉంటే రెండు రేకుల మధ్య విజిటింగ్ కార్డు పెట్టి కొట్టి, తర్వాత లాగేయండి, ఆ మందం మేర ఆట మిగులుతుంది.

కొత్త తోలు మొదటి నెల

ఎంత మంచి తోలైనా మొదటి రెండు మూడు సార్లు చెమటకి తడిసి కొంచెం సాగుతుంది. అందుకని చివరి బెజ్జాలు ఆ తర్వాతే కొట్టుకోండి. తడిసిన కవచాన్ని ఎండలోనో హీటర్ పక్కనో పెడితే తోలు గట్టిపడి బెజ్జాల దగ్గర పగులుతుంది, నీడలో ఫ్యాన్ కింద చాలు. నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే తోలు నూనె) గుడ్డతో పలచగా, ఏడాదికి ఒకటి రెండుసార్లు. నానబెట్టినట్టు పూస్తే మళ్లీ సాగుడే. వెజిటబుల్ టాన్‌లోని రసం చెమటతో కలిసి ఇనుముని నల్లగా మారుస్తుంది, తోలు ఆనే చోట రేకుకి లోపల రంగో మైనమో పూసి ఉంచండి.

రెండు భుజాలూ ఒకేలా ఉండాలన్న పట్టుదల కూడా పెట్టుకోకండి. 15వ శతాబ్దపు ఇటలీ కవచాల్లో ఎడమ పాల్డ్రన్ పెద్దది, కుడిది ఈటె పట్టుకోవడానికి వీలుగా కోసి చిన్నది చేసేవాళ్లు. నా కుడి వైపు వెనక తోలు ఎడమదానికంటే ఇప్పటికీ వేలెడు పొడుగే. కాకపోతే వదులు చేసిన ప్రతిసారీ చెయ్యెత్తి, చంక కింద, రేకుల మధ్య ఎంత ఒళ్లు బయటపడుతోందో పక్కవాణ్ణి చూడమనండి. గొలుసు ముక్క కప్పనిది ఏదైనా కనబడితే ఒక బెజ్జం వెనక్కి.

అన్నీ కుదిరాక ప్రతి పట్టీ లోపలివైపు మార్కర్‌తో బెజ్జం నంబరు, కుడో ఎడమో రాసుకోండి. ఈవెంట్ రోజు పొద్దున్న ఆరింటికి, చలిలో, ఎవరో తెలియని కుర్రాడు మీకు బకిళ్లు పెడుతూ "ఎన్నో దాంట్లో పెట్టమంటారు?" అని అడుగుతాడు.